ఇంగ అనేవాడు

ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో నలుగురం చాప మీద కూర్చుని భూమి కిందికి దిగుతాం. ఆట అది. కథ నడిపేది నేను. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్ర తీసుకుని దాని నోటితో మాట్లాడతారు, పోట్లాడతారు, ఎటూ తేలని చోట పాచికలు వేస్తారు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి ఇక్కడి కోలారు బంగారు గనిలో పనికి వచ్చినవాడు. అందుకే నా కథలోని రాజ్యానికి కోటగోడలు లేవు, గనిలోకి నిలువుగా దిగే షాఫ్ట్ ఉంది. ఇనుప బోనులో నిలబడి అందులోకి దిగాలి. ఆడేవాళ్లు మా ఆయన, పక్కింటి తమిళం అక్క, మా తమ్ముడు. తమ్ముడు కోలారు పక్కన తమకలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు, ఆటలో కమ్మరి.

వాడికి చిన్నప్పటి నుంచీ మాట తడబడుతుంది. గొంతులో ఇరుక్కున్నప్పుడల్లా ‘ఇంగ... ఇంగ...’ అంటాడు. ఆ మాట లేకుండా మా వైపు ఎవరూ రెండు వాక్యాలు మాట్లాడరు. ఇక, ఇంకా, మరి, తర్వాత, అన్నిటికీ అదే. ఏమీ లేకపోయినా అదే. వాడికి మాత్రం అది చేతికర్ర. కానీ రెండో ‘ఇంగ’ వచ్చేలోపు ఎదుటివాళ్లు వాడి వాక్యం పూర్తి చేసేస్తారు. అంగట్లో అంతే, పెళ్లిళ్లలో అంతే. వాడు తల ఊపి ఊరుకుంటాడు. ఆటలో మాత్రం కాస్త మాట్లాడేవాడు. నిజం చెప్పాలంటే ఆ కాస్త కోసమే నేను ఆ రాజ్యాన్ని మోస్తున్నాను.

మోయడం నా వల్ల కాలేదన్నది వేరే సంగతి. కథ సాగేకొద్దీ నేను రాసుకున్నదంతా కుక్కలు చింపిన విస్తరి అయింది. చచ్చిపోయిన కాపలావాణ్ణి ఒకసారి మళ్లీ తీసుకొచ్చి అందరికీ టీ ఇప్పించాను. “వాన్ని మేమే పూడ్చినాము గదే!” అని మా ఆయన వారమంతా ఎగతాళి చేశాడు. దాంతో ఆటను ఫోన్‌లో రికార్డు చేసి ఏఐకి అప్పగించడం మొదలుపెట్టాను. ఎవరేం మాట్లాడారు, ఎవరెవరున్నారు, ఎక్కడున్నారు, ఏ చిక్కు ఇంకా విడలేదు, అన్నీ సర్దిపెట్టమన్నాను. తెలుగూ కన్నడమూ తమిళమూ కలగలిపిన మా మాటల్ని అది బాగానే సర్దింది. ఆ నమ్మకంతోనే ఒక ఆదివారం, ముందుగా చూసుకోకుండా, అది రాసిచ్చింది గట్టిగా చదివేశాను.

“ఇంగ: ఎప్పుడూ కమ్మరి పక్కనే ఉంటాడు. తలుపు ఎదురైనా, ప్రమాదం వచ్చినా కమ్మరి మొదట పిలిచేది ఇతన్నే. ఇతను ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదు. ఏం కోరుకుంటున్నాడో తెలియదు.”

మా ఆయన పగలబడి నవ్వాడు. అక్కకు టీ పొలమారింది. నాకూ నవ్వు ఆగలేదు. తమ్ముడు మాత్రం చేతిలోని పాచికను చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రమంతా తల ఊపుళ్లతోనే ఆడాడు. తరువాతి ఆదివారం ‘పని ఉండాది అక్కా’ అని మెసేజ్ పెట్టాడు. ఆ పై ఆదివారం అదీ లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందు మా ఆయన మీద అరిచి, తరువాత ఏఐ మీద పడ్డాను. ‘ఇంగ మనిషి కాదు, మాట!’ అని టైపు చేశాను. అది మర్యాదగా క్షమాపణ చెప్పి, మొదటి నుంచీ ఉన్న కథంతా వెతికి ఆ మాట ఒక్కటీ మిగలకుండా ఏరేసింది. కొత్త ప్రతిలో కమ్మరి వార్తలు చదివేవాడిలా గడగడా మాట్లాడుతున్నాడు. ఒక్క చోటా ఆగడు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. వీడెవడు? ఇలాంటివాడు మా చాప మీద ఎన్నడూ కూర్చోలేదు.

బస్సెక్కి తమకకు వెళ్లాను. వాడు షెడ్డు బయట చేతులకంటిన నూనె తుడుచుకుంటున్నాడు.

“ఏమప్పా, నవ్వినామని కోపమా?” అన్నాను.

“నవ్వితే నవ్వినారు లే అక్కా. ఇంగ... అది రాసింది, ఇంగ... నిజమే గదా. మాట రాకుంటే నేను వాన్నే పిలుస్తాను.”

“వాన్ని తీసేసినాను. ఇంగ యాడా కనపడడు.”

“ఏంటికి తీసేసినావు?” ఎక్కడా తడబడకుండా వచ్చింది ఆ ప్రశ్న. “మళ్లా పెట్టు. వాన్ని, ఇంగ... నేనే ఆడతాను. ఇద్దర్నీ నేనే.”

సరే, పాత్ర అన్నాక దానికో నియమం కావాలి. ఎంత పిలిచినా నిదానంగా వచ్చే మనిషిని ఆటలో ఎలా ఆడించాలో చెప్పమని తిరుగు బస్సులో ఏఐనే అడిగాను. మాయకత్తులూ మంత్రాలూ అంటూ ఏవేవో చెప్పింది. వాటి మధ్య ఒకటి పనికొచ్చేది దొరికింది. అతన్ని పిలిచాక, అతను వచ్చి మాట్లాడేదాకా మిగతావాళ్లెవరూ నోరు తెరవకూడదు. తిట్టిన నోటితోనే దాన్ని మెచ్చుకున్నాను.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. నేను నియమం చెప్పాను.

“ఎంతసేపు నోరు మూసుకోవాల?” అన్నాడు మా ఆయన.

“ఆయప్ప వచ్చేదాకా.”

బోను షాఫ్ట్ అడుక్కు దిగింది. ఎదురుగా పెద్ద తాళం వేసిన ఇనుప తలుపు. ఆ తలుపు దగ్గరి కాపలావాడి గొంతు పెట్టి అడిగాను, “ఎవరు మీరు? ఏం పని మీద వచ్చినారు?”

“ఇంగ” అన్నాడు తమ్ముడు.

మా ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

“ఇంగ...”

వాడి గొంతులో ఏ మాట ఇరుక్కుందో నాకు తెలుస్తూనే ఉంది. అక్కను కదా. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. పక్కింటి అక్క గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

“ఉండమ్మా, వస్తా ఉండాడు” అంది మెల్లగా.

ఎదురుచూశాం. వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాలేదు, మళ్లీ తన్నారు, అయింది, వెళ్లిపోయింది.

“నా పేరు ఇంగ” అన్నాడు తమ్ముడు. “ఇన్ని దినాలు వీళ్ల వెనకాలే నడిచినాను. వీళ్లు ముగ్గురని నీకెవురో చెప్పింటారు. ముగ్గురు కాదప్పా, నలుగురం. లోపల ఏముండాదో నాకు చూడాలని ఉండాది. తలుపు తియ్యి.”

అంత పెద్ద తాళానికి పాచిక వేయించాలి. అది ఆట పద్ధతి. నేను వేయించలేదు, తలుపు తీసేశాను.