తీసేసిన మాస్కు

నూజివీడు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గ్లవ్స్, బూట్లు, హెల్మెట్లు, మాస్కులు చూసుకోవడం నా పని. కోల్డ్ రూమ్ పక్కన అద్దాల బీరువాలో అమ్మోనియా మాస్కులు ఉంటాయి. ఆ గదిని చల్లబరిచేది అమ్మోనియానే. పైపులోంచి బయటికొస్తే కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది.

ఆ అమ్మోనియా యంత్రం నడిపే అతనిది రెడ్డిగూడెం. నెమ్మదైన మనిషి. మాస్కు బిగుతుగా ఉందో లేదో నేను చూడబోతే, తనే గాలి వచ్చేచోట అరచెయ్యి అడ్డుపెట్టి పీల్చి, రబ్బరు చెంపలకు అతుక్కున్నాక తలాడించేవాడు.

సీజన్ మధ్యలో ఒక మధ్యాహ్నం వాల్వు లీకైంది. అందరం గేటు వైపు పరిగెత్తాం.

"ఒకామె లోపలే ఉండిపోయిందండి," అన్నారెవరో.

అతను మాస్కు తగిలించుకుని వెళ్లి, ఆమెను భుజాన వేసుకుని తెచ్చాడు. ఆమె బతికింది.

"వాల్వు కట్టేసి వస్తానండి," అన్నాడు. మాస్కులోంచి మాట బొంగురుగా వినిపించింది.

వాల్వు కట్టేశాడు. తిరిగి రాలేదు. ఫైరింజను వాళ్లు మోసుకొచ్చేసరికి మాస్కు అతని చేతిలో ఉంది.

పరీక్ష చేసినవాళ్లు మాస్కులో ఏ లోపమూ లేదన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టాల్సింది. పట్టలేదు. బాగున్న మాస్కును ఎందుకు తీశాడు?

జ్ఞాపకార్థ కూటానికి వెళ్లినప్పుడు అతని భార్యే చెప్పింది.

"ఆయనకి మొహమ్మీద ఏదున్నా భయం మేడం గారు. చలికాలంలో కూడా దుప్పటి మెడదాకే కప్పుకునేవాడు. మీకెప్పుడూ చెప్పలేదా?"

చెప్పలేదు. రోజూ ఆ భయంతోనే నా ముందు తలాడించాడన్నమాట.

ఇప్పుడు మాస్కు ఇచ్చి ఊరుకోను. పెట్టించి నడిపిస్తాను, మెట్లెక్కిస్తాను, భయమేస్తే చెప్పమంటాను. నేనూ పెట్టుకుంటాను. లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తుంది. ఒక్కోసారి నేను బిగబట్టినా ఆ చప్పుడు ఆగదు.

అతని భార్య ఇప్పుడు మా దగ్గరే కాయలు ఏరే షెడ్డులో చేస్తోంది. మొన్న అందరికీ మాస్కులు పెట్టిస్తుంటే వచ్చింది.

"నాకూ ఒకసారి ఇవ్వండి."

పట్టీలు బిగించాను. ఆమె నడుచుకుంటూ వెళ్లి కోల్డ్ రూమ్ తలుపు ముందు నిలబడింది. మాస్కు అద్దం మీద ఆవిరి పడుతోంది, పోతోంది. ఇక తీసెయ్యమని సైగ చేశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

మిగతావాళ్లు పనిలోకి వెళ్లిపోయారు. నేను ఆమె పక్కనే ఉండిపోయాను.