యంకమ్మ సాక్ష్యం

యంకమ్మ మొగుడు తిప్పన్న మారిపోయాడని శక్తినగర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ కోడై కూశాయి. కరెంటు ప్లాంటులో బూడిద ఎత్తే కాంట్రాక్టు కూలీ అతను. కృష్ణలో బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి సారా ముట్టలేదు, పేక పట్టలేదు, బీడీ వెలిగించలేదు. ఆదివారం ఆదివారం రేకుల మందిరంలో నిలబడి, "పాత తిప్పన్నను ఏట్లనే ముంచేసిన!" అని సాక్ష్యం చెబుతుంటే ప్లాంటు కాలనీ నుంచి వచ్చే ఆంధ్రా అమ్మగార్లు కళ్లొత్తుకునేవాళ్లు. వెనక చాప మీద కూర్చున్న యంకమ్మకు ఒళ్లు మండిపోయేది. పైన పటారం, లోన లొటారం!

సారా మానాడు గానీ చెయ్యి చేసుకోవడం మానలేదు మహానుభావుడు. ఆ సంగతి అడిగినవాడేడీ? పాస్టరు గురునాథయ్య సీసా గురించి అడిగాడు, బీడీ గురించి అడిగాడు, గూట్లో పాత దేవుళ్ల పటాలు తీసేశారా అని కూడా వచ్చి చూసుకుని వెళ్లాడు. పెళ్లాం వీపు గురించి అడగాలని ఆయనకు తోచనే లేదు. తాగినరోజుల్లో అయితే తిప్పన్న కొట్టి, తెల్లారి మరిచిపోయి, ఏం జరిగిందని బిక్కమొహం వేసేవాడు. ఇప్పుడు మెలకువగా కొడుతున్నాడు. కొట్టి, కాళ్లూ చేతులూ కడుక్కుని ప్రార్థనకు కూర్చుంటున్నాడు. యంకమ్మకు దెబ్బ కన్నా ఆ ప్రార్థన ఎక్కువ మండేది.

ఇక ఆమె అలవాటు ఆమెది. "బండ మీద జారిన" అనేది, "బర్రె తన్నింది" అనేది. పెళ్లయిన కొత్తలో మొదలైన అబద్ధం. ఆమె కూడా మొగుడితో పాటే ఏట్లో మునిగింది, ఆ అబద్ధం మాత్రం తడవకుండా ఆమెతోనే ఒడ్డుకొచ్చింది.

తిప్పన్నను సంఘ పెద్దను చేద్దామని గురునాథయ్య అన్నాడు. ఆ మందిరంలో ఒక పద్ధతుంది. ఎవరినైనా పెద్దగా నిలబెట్టే ముందు వాడి పెళ్లాం లేచి, ఇంట్లో మనిషి ఎట్లాంటివాడో నలుగురిలో చెప్పాలి. అప్పుడే పాస్టరు వాడి తల మీద చెయ్యి పెడతాడు. ఒకసారి తన నోటితో మంచివాడని చెప్పాక ఇంకెప్పుడు ఏడ్చినా నమ్మేవాళ్లుండరని యంకమ్మకు తెలుసు.

శనివారం తిప్పన్న తెల్లచొక్కా ఇస్త్రీ కాలేదు. రాష్ట్రానికంతా వెలుగిచ్చే ప్లాంటు గోడ పక్కనే ఇల్లు, ఇంట్లో మాత్రం పొద్దంతా కరెంటు లేదు. అది యంకమ్మ తప్పయింది! ఇస్త్రీపెట్టె వైరుతోనే కొట్టాడు.

"రేపు ఏం జెప్పాలెనో యాదికున్నది గదా? మా ఆయన దేవునిలాంటోడని జెప్పు, కూసో. ఎక్కువ మాట్లాడకు" అన్నాడు.

మర్నాడు గురునాథయ్య, "చెప్పమ్మా యంకమ్మా" అన్నాడు. ఆమె లేచింది. బండ, బర్రె రెండూ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ముందువరసలో మోకాళ్ల మీదున్న ఆ తెల్లచొక్కాను చూసి ఆ రెంటినీ మింగేసింది. కొంగు తీసి చెయ్యి చాపింది.

"బండ మీద జారిన అని ఇన్నాళ్లు మీకు అబద్ధం జెప్పిన. ఆయన సారా ఇడిసిండు, నిజమే. నేను ఈ పొద్దు నా అబద్ధం ఇడుస్తున్న. ఇవి నిన్నటి దెబ్బలు."

తిప్పన్న దిగ్గున లేచాడు.

"దానికి దయ్యం పట్టింది అయ్యగారూ! ప్రార్థన చెయ్యుండ్రి!"

పాపం, గురునాథయ్యకు తెలిసిందొక్కటే. కళ్లు మూసుకుని యంకమ్మ తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని పక్కకు తోసింది.

"నాకెందుకయ్యా? గాయన చెయ్యి పట్టుకొని చెయ్యుండ్రి ప్రార్థన. ఏట్ల మునగంది అదొక్కటే."