క్లెమ్ బావ చక్రాల పరీక్ష

క్లెమ్‌కి ఒకటే జబ్బు. టైరు కంటబడితే చాలు, గాలి కొలవకుండా ఉండలేడు. తనదా, పరాయిదా అన్న తేడా లేదు. అత్తగారి అంత్యక్రియల రోజు శవాన్ని తెచ్చిన బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే, పాపం అల్లుడు దుఃఖం ఆపుకోలేకపోతున్నాడనుకున్నారు అందరూ. "వెనక కుడిది నాలుగు తక్కువ," అంటూ లేచాడు మహానుభావుడు. ఆ అత్తగారి కొడుకు గార్త్ ఏడాది పాటు బావతో మాట్లాడలేదు.

అలాంటి బావ వెనకాల మూడు వారాలు పడమటి తీరం వెంట కారవాన్ అనే చక్రాల ఇంటిని లాక్కుంటూ తిరగడానికి గార్త్ ఒప్పుకున్నాడంటే, అక్క నోలీన్ పోరు పడలేకే. బయల్దేరే ముందు రోజు దాకా మానేద్దామనే చూశాడు. కారణం బావ కాదు. నలభై ఏళ్లు గొర్రెల బొచ్చు కత్తిరిస్తూ, పెళ్లి జోలికి పోకుండా, ఎవరికీ తలవంచకుండా బతికిన మనిషికి అరవై నాలుగో ఏట మూత్రం ఆగడం మానేసింది. "ప్రమాదమేం లేదు, వయసు. ముప్పావుగంటకోసారి బండి ఆపుకో," అన్నాడు డాక్టరు. వెనక బండి ఆగితే ముందు బండివాళ్లు ఎందుకని అడగరూ? జవాబు బండికీ బండికీ మాట్లాడుకునే రేడియోలో చెప్పాలి. దారిన పోయే ప్రతి బండీ వింటుంది. గార్త్ చచ్చినా చెప్పడు.

మొదటి రోజు కార్నార్వన్ దాటి ముప్పావుగంట అయింది. గార్త్ స్టీరింగు బిగించి పట్టుకుని పళ్లు కొరుకుతున్నాడు. అంతలో రేడియో గరగరలాడింది.

"గార్తూ, ఆపరా. గాలి చూడాలి."

"పొద్దునేగా చూశావు బావా!" అని విసుక్కుంటూనే బండాపి, దిబ్బ వెనక్కి పరుగెత్తాడు గార్త్. తిరిగొచ్చేసరికి బావ ఇంకా మూడో చక్రం దగ్గరే ఉన్నాడు. గార్త్‌కి ప్రాణం లేచొచ్చింది.

నాలుగు రోజులు ఇదే వరస. "ఇసుక మీద పద్దెనిమిది, తారు మీద ముప్పై ఆరు," అని గొణుక్కుంటూ క్లెమ్ చక్రం చక్రానికీ మోకరిల్లడం, గార్త్ మాయమవడం.

"ఈయన్ని కట్టుకునే బదులు పంక్చర్లవాణ్ణి కట్టుకోవాల్సింది. కనీసం సాయంత్రానికి షాపు మూసేవాడు," అనేది నోలీన్.

"ముదిరిపోయిందక్కా. డాక్టరుకి చూపించు," అని అందరికంటే గట్టిగా నవ్వేవాడు గార్త్. లోపల మాత్రం ఆ పిచ్చి ఇంకా ముదరాలని కోరుకునేవాడు.

ఐదో రోజు దారి లేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే తడి ఇసుక మీదే నలభై కిలోమీటర్లు పోవాలి.

"పోటు తిరిగేలోగా ఆ కొస చేరాలి. మధ్యలో ఎవరు బండాపినా ఊరుకోను," అని నోలీన్ రేడియోలో హుకుం జారీ చేసింది.

"చిత్తం," అన్నాడు క్లెమ్.

గార్త్ పొద్దున తాగినవి రెండు మగ్గుల టీ. అరగంట గడిచింది. ముప్పావుగంట దాటింది. ఎడమ పక్క అన్నీ నీళ్లే, చూడ్డానికే భయమేసింది. చెయ్యి మూడుసార్లు రేడియో దాకా పోయి వెనక్కొచ్చింది. ఇన్నేళ్ల పరువు సీటు మీద కారిపోయేలా ఉంది.

"గార్తూ, ఆపరా. ముందు ఎడమది తేడాగా ఉంది."

"మీకు మతి పోయిందా! నీళ్లొచ్చేస్తున్నాయి!" నోలీన్ అరుపు రేడియో లేకుండానే వినిపించింది.

గార్త్ అప్పటికే దిబ్బ వెనకున్నాడు. తిరిగొచ్చి చూస్తే అల చక్రానికి నాలుగడుగుల్లో ఉంది. నోలీన్ మొహం తిప్పుకుని బండిలో కూర్చుంది. క్లెమ్ మాత్రం తీరిగ్గా కొలుస్తున్నాడు. కంగారులో గార్త్ బావ చేతిలోని గాలి మీటరు లాక్కున్నాడు. దానికి అద్దం లేదు, ముల్లూ లేదు.

"బావా, దీనికి ముల్లేది?"

"మెల్లగా అనరా. కార్నార్వన్‌లో నా బండే తొక్కేసింది."

"అంటే... మొదటి రోజు నుంచీ?"

క్లెమ్ టోపీ సర్దుకున్నాడు. "ఆరేళ్ల కిందట నాకూ ఇదే గోల. మొన్న ఈస్టర్‌కి భోజనాల మధ్యలో నువ్వు నాలుగుసార్లు లేచినప్పుడే అనుకున్నా. అడిగితే నువ్వు ఈ ప్రయాణానికే రావు."

"అక్క నిన్ను పిచ్చివాడంటోంది కదా బావా!"

"ముప్పై ఐదేళ్లుగా అంటోంది. ఇంకో మూడు వారాలంటే నాదేం పోయింది?"

బావని కావలించుకోవాలనిపించింది గార్త్‌కి. గొర్రెల్ని తప్ప ఎవర్నీ పట్టుకుని ఎరగడు కాబట్టి భుజం మీద ఒక్కటి చరిచి ఊరుకున్నాడు. ఐదు రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయి, బండెక్కాక చాలాసేపు ఒక్కడే నవ్వుకున్నాడు.

నీళ్లు చక్రాలు తడుపుతుండగా కొస చేరారు. నోలీన్ దిగీ దిగగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇక నా వల్ల కాదు. ఆ మీటరు సముద్రంలో పారేస్తా. నువ్వైనా చెప్పరా తమ్ముడూ!"

గార్త్ తన వెనక టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలితో నొక్కి, తల అడ్డంగా ఊపాడు.

"బావదే నిజమక్కా. బాగా తగ్గింది. రేపట్నుంచి ఇంకాస్త తరచుగా చూడాలి."