ఇంపి కాంగస్ తోలు తొడుగులేసుకుని కొన్న స్నోబ్లోయర్

మా వీధిలో ఎవరి ఇంటి దారిలో మంచు ఎవరు తీశారో అడగకూడదు. తీసినవాడు చెప్పుకోకూడదు, తీయించుకున్నవాడు థాంక్స్ అనకూడదు. శనివారం సౌనాలో, అంటే ఆవిరి గదిలో, పక్కపక్కన కూర్చుని చెమటలు కక్కుతున్నప్పుడు కూడా ఆ ఊసెత్తకూడదు. మహా అయితే ఒక యాలకుల రొట్టె చేసి, వాళ్ళ వంటింటి బల్ల మీద పెట్టేసి రావచ్చు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు కానీ తప్పినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఎదురింటి ఇంపి కాంగస్‌ది ఎప్పుడూ పెట్టే చెయ్యే. డెబ్భై దాటిన మనిషి. బడి వంటింట్లో పనిచేసి, మాంసం, దుంపలు కూరిన పేస్టీలతో ఈ ఊళ్ళో సగం మందిని పెంచింది. భర్త ఉర్హో రాగి గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక అడవిలో కలప కొట్టాడు. అతని అంత్యక్రియల రోజున మోకాలి లోతు మంచు పడితే, వచ్చేవాళ్ళకి ఇబ్బందని ఇంపి తనే రేకు చేట పట్టుకుని దారి తీసింది. “ఇవాళ కూడానా ఇంపీ?” అని ఎవరో అంటే, “ఇవాళేం రోజో మంచుకేం తెలుసు?” అంది. తన దారి అయ్యాక పక్కింటిదీ తీసింది.

నేను రెయినో హౌతలని. ఉద్యోగమంతా కౌంటీవాళ్ళ ప్లౌ లారీ తోలాను. రోడ్డు మీది మంచుని లారీ తోస్తే అది గాల్లో కలిసిపోదు కదా, ప్రతి ఇంటి దారికీ అడ్డంగా గోడలా పడి గడ్డకడుతుంది. ఆ గోడలు కట్టిన పాపానికి ఊరు ఊరంతా నన్ను తిట్టిపోసేది. ఇంపి ఒక్కతే తిట్టేది కాదు. నా లారీ వెళ్తుంటే తన రేకు చేట పైకెత్తి చూపించేది. దానికంటే తిట్టడమే నయం.

కిందటేడు ఆమెకి తుంటి కీలు మార్చారు. ఆ చలికాలమంతా నా పెద్ద స్నోబ్లోయర్‌తో, అదే మంచు చిమ్మే మిషనుతో, ఆమె దారి నేనే తీశాను. నిజం చెప్పొద్దూ, నాకు భలే సరదాగా ఉండేది. మా దగ్గర ఎవరి దారి ఇంకొకరు తీస్తారో వాళ్ళింటికి సూపు వెళ్తుంది. అంటే ఆ మనిషికి ఓపిక లేదని వీధి తీర్మానించిందన్న మాట. ఇంపికి బఠాణీ సూపు, చేప సూపు, కోడి సూపు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. మా ఆవిడ డోరిస్ తన నీలం కుండతో పంపింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కదా, ఇంపి ఆ కుండని తిరిగి పంపనే లేదు.

“నా కుండతో ఆవిడకేం పని? అడగనా?” అని డోరిస్ వారానికోసారి సణిగేది.

అక్టోబరులో ఒక పొద్దున ఇంపి వచ్చి, కోటైనా విప్పకుండా మా వంటింట్లో కూర్చుంది.

“ఒరే రెయినో, నేను మంచు మిషను కొనాలి.”

“ఎందుకూ? నేనింకా చావలేదుగా!”

“అదే కదా నా ఖర్మ! నువ్వు చావవు, నాకు సూపు తప్పదు. నువ్వొచ్చి దారి తీస్తుంటే మహారాణిలా కిటికీలోంచి చెయ్యూపుతూ కూచోవాలి నేను. నా వల్ల కాదు బాబూ. చేట ఎత్తొద్దన్నాడు డాక్టరు, మిషను తోలొద్దనలేదు.” కోటు గుండీలు సర్దుకుంది. “ఈ ఏడు నా దారి నేను తీసుకోలేదంటే ఇంకెప్పటికీ తీసుకోలేను రా. అది నాకు తెలుసు.”

 నేను విననట్టే కాఫీ పోశాను.

మంచు మిషన్లమ్మే ట్రెవారో కొట్టుకి తీసుకెళ్ళాను. ట్రెవారో బళ్ళో ఆమె వంట తిన్నవాడే, నడివయసొచ్చినా ఆమె ముందు ఇంకా చేతులు కట్టుకునే నిలబడతాడు. ముందుగా బ్యాటరీతో నడిచే చిన్న మిషను చూపించాడు.

“మీకిది హాయి ఇంపి గారూ. తేలిక, చప్పుడుండదు.”

“ప్లౌ గోడని కొరుకుతుందా?”

“అదీ... కొత్తగా పడ్డ మంచయితే బ్రహ్మాండంగా...”

“కొత్త మంచుకి నాకు చీపురుంది నాయనా.”

అప్పుడు నేను రంగంలోకి దిగాను. కొట్టు మధ్యలో ఏనుగులా నిలబడ్డ మిషను దగ్గరికి లాక్కెళ్ళాను. అది నా మిషనుకి తమ్ముడు. “కొంటే ఇది కొను. మంచుని రోడ్డవతల పడేస్తుంది!”

“రోడ్డవతల ఉన్నది మీ ఇల్లే.”

ట్రెవారో దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇంపి సంచీలోంచి ఉర్హో తోలు తొడుగులు తీసింది. లోపల ఉన్ని, బయట జింక తోలు, వేళ్ళుండవు, ఒక్క బొటనవేలికి మాత్రం చోటుంటుంది. వెచ్చటి కొట్లో అవి రెండు చేతులకీ తొడుక్కుని నిలబడింది.

“అదేంటి, చలేస్తోందా?” అన్నాను.

“మీ మగాళ్ళందరూ ఇక్కడ వట్టి చేతుల్తో కొంటారు, జనవరిలో తొడుగుల్తో తోలతారు. అప్పుడు మీట చిక్కక మిషన్ని తిడతారు.”

ఏనుగు మిషను ఇంజను తాడు పట్టుకోబోయింది. తొడుగు ఆ పిడిలో పట్టలేదు. పక్కనున్న పెట్రోలెక్కించే బుడిపె అసలు వేళ్ళకి ఆనలేదు. తరవాత దాన్ని బయట కంకర మీదికి తెప్పించి, ఇంజను ఆపించి, రెండు చేతులా తోసింది. కదల్లేదు.

“రోడ్డు మీద ఆగిపోయిందనుకో, దీన్ని ఇంటికెవరు ఈడ్చుకెళ్ళాలి?” అంది.

“తోసే పద్ధతుంటుంది,” అని నేను భుజం పెట్టాను. మిషను కదిలింది. నా నడుమూ కదిలింది.

చివరికి మూలనున్న మధ్యరకం దాని దగ్గర ఆగింది. ముందు ఇనప పళ్ళు మంచుని కొరికి లోపలికి లాగుతాయి, వెనక పంకా దాన్ని గొట్టంలోంచి చిమ్ముతుంది. గోడ ప్లగ్గులో వైరు పెట్టి మీట నొక్కితే ఇంజను అందుకుంటుంది, తాడు లాగే పని లేదు. పిడుల కింద చిన్న కొక్కేలున్నాయి, కుడిది నొక్కితే కుడికి, ఎడమది నొక్కితే ఎడమకి తిరుగుతుంది. అన్నీ తొడుగులతోనే నొక్కి చూసింది. తరవాత సంచీలోంచి ఒక దారం తీసి మిషను వెడల్పుకి అడ్డంగా పట్టింది.

“అదేం కొలత?” అన్నాడు ట్రెవారో.

“కట్టెల కొట్టుకీ గోడకీ మధ్య సందు. మా సౌనాకి అదే దారి. శనివారం జనమంతా నడిచేది అక్కడేగా.”

నా మిషను ఆ సందులో పట్టదు. కిందటేడు అక్కడ నేను పార పట్టుకుని ఎన్ని బూతులు తిట్టుకున్నానో దేవుడికే తెలుసు.

“పిన్నులివ్వు,” అంది ట్రెవారోతో. పళ్ళకి రాయో కట్టో తగిలితే ముందు ఆ పిన్ను విరుగుతుంది, ఇంజను దక్కుతుంది. “రెండు దాంతోనే వస్తాయండీ,” అన్నాడతను. “ఇంకో గుప్పెడు వెయ్యి,” అంది.

నాకు నవ్వాగలేదు. “ఇన్నేళ్ళలో నా మిషను పిన్ను ఒక్కటి విరగలేదు. తోలడం వచ్చుండాలి.”

“నీ నోటికి కూడా ఒక పిన్నుంటే బాగుండేది రెయినో. ఈపాటికి విరిగి కాస్త ఊరుకునేది.”

జనవరిలో మా ఊరి పక్కనున్న సరస్సు మీంచి అసలు మంచు వచ్చింది. తెల్లారి కిటికీ తెరిస్తే మంచు గోడల వెనక వీధి కనబడలేదు. నేను కాఫీ కూడా తాగకుండా బయటికి ఉరికాను. మిషనున్నా సరే, ఇంపి లేచేలోపు ఆమె దారి తీసేయాలని నా పట్టుదల. అలవాటు ఊరికే పోతుందా? అయితే ముందు నా దారికి అడ్డంగా ఉన్న గోడ దాటాలి. నా తరవాత లారీ ఎక్కిన కుర్రాడు దాన్ని నా ఛాతీ ఎత్తున కట్టాడు. నా శిష్యుడే లెండి. నేను వేగం పెంచి తిన్నగా గోడలోకి దూరాను.

ఫట్‌మంది. ఇంజను మొత్తుకుంటోంది, పళ్ళు మాత్రం తిరగడం లేదు. వంగి చూస్తే, పొద్దున్నే పేపరు కుర్రాడు విసిరిన ఆదివారం పేపరు, లారీ తోసిన మంచులో పూడి రాయిలా గడ్డకట్టి, పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. పిన్ను విరిగింది. ఇంట్లో ఇంకోటి లేదు. ఎందుకుంటుంది, తోలడం వచ్చినవాడిని కదా! కిటికీలో డోరిస్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

అంతలో రోడ్డు మీద ఇంకో ఇంజను చప్పుడు వినిపించింది. ఇంపి వస్తోంది. వెనక ఆమె దారి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరుచుకుని ఉంది. నా వైపు చూడలేదు. నాలా గోడ మీద పడిపోనూ లేదు. మిషన్ని పక్కగా పెట్టి సగం పళ్ళతో కొరికింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ కొరికింది. పై మంచు కూలితే అది తీసింది. ఎవరింటి మీదా పడకుండా గొట్టాన్ని నా పెరటి వైపు తిప్పింది. నేను పార పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

గోడంతా అయ్యాక తొడుగు విప్పి జేబులోంచి రెండు పిన్నులు తీసి నా మిషను మీద పెట్టింది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఉర్హో పోయాక ఆమె మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. నాకు రోషం రావాలి నిజానికి. రాలేదు సరికదా, కళ్ళు చెమ్మగిల్లాయి. థాంక్స్ అనే మాట నాలుక చివరి దాకా వస్తే మింగేశాను. పద్ధతి పద్ధతే.

మధ్యాహ్నం ఇంపి మా వంటింట్లోకి వచ్చి డోరిస్ నీలం కుండని బల్ల మీద పెట్టింది. మూత సందులోంచి ఆవిరి వస్తోంది.

“ఏడాది దాచుకున్నావ్ కదమ్మా!” అంది డోరిస్.

“ఖాళీ కుండ ఎలా పంపను? పోనీ సూపు పోద్దామంటే, ఓపికున్న ఇంటికి సూపేంటి? అందుకని ఆగాను. ఇవాళ కుదిరింది.” నా వైపు తిరిగి, కిందటేడు నేను ఆమెతో అన్న మాటలే, నా గొంతుతోనే అంది. “లేవకు. హాయిగా కూచో. వేడిగా తాగు. మేం లేమూ?”

బఠాణీ సూపు. బాగుందని ఒప్పుకోవడానికి నాకు రెండో గిన్నె దాకా పట్టింది. ఈలోపు ఇంపి వెళ్ళిపోయింది. బయట ఆమె మిషను మళ్ళీ అందుకుంది, పక్కింటి గోడ వైపు తిరిగింది. మా కిటికీ ముందు నుంచి వెళ్తూ ఒక్కసారి తల తిప్పి చూసింది.

నేను కూర్చున్న చోటు నుంచే, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఊపాను.