అమ్మ పిడికిట్లో బియ్యం

మొన్న కోడలు ఫోనులోనే నెల సరుకులు తెప్పించింది. సంచులు విప్పుతుంటే ఓట్స్, చీజ్, జీడిపప్పు, మొహానికి రాసుకునేవి, కుక్కపిల్లకు బిస్కెట్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అన్నిటికీ అడుగున బియ్యం, పసిపిల్ల తలగడంత సంచి. "నెలంతటికీ ఇంతేనా అమ్మా?" అన్నాను. "చావల్ తినేదెవరు అత్తయ్యా ఇంట్లో? మీ అబ్బాయికి రాత్రి సలాడే కదా," అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ బియ్యం డబ్బాలో పోస్తుంటే మనసు ఒకలా అయిపోయింది. మామ్మ గుర్తొచ్చింది.

మామ్మ అంటే మా సొంత నాయనమ్మ కాదు. భిలాయిలోని మా తెలుగు క్రైస్తవ సంఘమంతటికీ మామ్మ. భర్త పోయాక విజయనగరం వైపు నుంచి వచ్చి ఊరి అంచున మరోదా బస్తీలో ఒక గదిలో ఉండేది. సెక్టారు సెక్టారూ కాలినడకన తిరిగి, బాలింతల దగ్గర, జబ్బుపడినవాళ్ల దగ్గర, ఉక్కు ప్లాంటులో దెబ్బ తగిలి మంచం పట్టినవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేసేది. జీతమంటూ లేదు. మా ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు దేవుని పేర తీసి వేరే డబ్బాలో వేసేవారు. నెల మొదటి ఆదివారం స్త్రీల సమాజంలో అందరి బియ్యమూ ఒకే గోనెసంచిలో పడేది. ఆ సంచే మామ్మ బతుకు. కొంత వండుకునేది, కొంత అమ్ముకుని ఉప్పూ పప్పూ కిరసనాయిలూ కొనుక్కునేది.

నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఖలాసీ కూలీగా చేరిన రోజుల్లో మా ఇంట్లో ఖర్చంటే తిండే. జీతం రాగానే అమ్మ ముందు బియ్యం బస్తా దింపించుకునేది. మిగిలినదాంతోనే నూనె, పప్పు, పొయ్యిలోకి బొగ్గు. రెండు పూటలా అన్నం, పొద్దున చద్దన్నం. పిడికెడు తీసేటప్పుడు అమ్మ వేళ్లు బిగించేది కాదు. "దేవుడి దగ్గర బిగించకూడదే" అనేది.

తర్వాత నాన్నకు ప్రమోషన్లు వచ్చాయి. ఇంట్లోకి ముందు పాలు పెరిగాయి, ఆ తర్వాత గుడ్లు, ఆదివారం మాంసం. ఆపైన తిండి పెరగడం ఆగిపోయింది. కడుపులో మాత్రం ఎంతని పడుతుంది? ఇక ఫ్యాను, కుట్టుమిషను, స్కూటరు, ఫ్రిజ్, ఇంగ్లీషు బడి ఫీజులు, తమ్ముడి కోచింగు. చుట్టుపక్కల హిందీవాళ్లను చూసి రాత్రిళ్లు రొట్టెలు మొదలుపెట్టాం. నాన్నకు షుగరని తేలాక కొన్ని రోజులు మధ్యాహ్నం కూడా రొట్టెలే. అన్నం వండిన పూట మాత్రం అమ్మ పిడికెడు తీయడం ఎన్నడూ మరవలేదు. సంఘంలో ఏ ఇంటికి వెళ్లినా ఇదే సంగతి.

ఒక ఆదివారం అందరూ బియ్యం పోశాక చూస్తే సంచి సగమైనా నిండలేదు. నెలనెలా తగ్గుతూనే ఉన్నా, మా కళ్లకు ఆనింది ఆ రోజే. మామ్మ సంచి మూతి పట్టుకుని ఊపి, "మీరేమో రొట్టెలు తింతన్నారు, దేవుడికేమో బియ్యం తీస్తన్నారు. ఆయన పస్తుంటన్నాడు గావాల!" అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"నానొక్క పూటా మానలేదు మామ్మా" అంది రోషంగా.

"మానలేదే తల్లీ. నీ పిడికిలి అంతే ఉంది. పొయ్యెక్కే కుండలే తగ్గిపోనాయి. ఇలాగైతే నాను ఊరెళ్లిపోవాల, మరిది కొడుకుల పంచన," అంది మామ్మ, నవ్వుతూనే.

ఇంటికి రాగానే అమ్మ నాన్న మీద పడింది. "కానుక కవర్లో దశమభాగం వేస్తన్నాం కదా. ఇంకేటి సెయ్యమంటావు?" అన్నాడాయన. "ఆ కవరు మందిరం గోడలకెళ్తంది. ఆవిడ గోడలు తింతాదేటి?" అంది అమ్మ. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ సంఘ పెద్దల దగ్గరికీ వెళ్లింది. కట్టడం పూర్తయ్యాక మాట్లాడుదామన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మందిరం కప్పు నిజంగానే కారుతోంది. పైగా మామ్మకు ఎప్పటిలాగే ఇస్తున్నామనే ప్రతి ఇల్లూ అనుకుంటోంది.

అమ్మ ఇక ఆగలేక గోధుమపిండీ కందిపప్పూ సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మరోదా వెళ్లింది. గదికి తాళం. "దాయీ తో గావ్ చల్ దిస్" అంది పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ. ముసలమ్మ ఊరెళ్లిపోయిందట. మిగిలిన బియ్యం ఈవిడ పిల్లలకు ఇచ్చి మరీ వెళ్లిందట.

పొలం కోసేటప్పుడు అంచులు పేదలకు వదలమని బైబిల్లో ధర్మశాస్త్రం. ఆదివారపు బడిలో చిన్నప్పుడే కంఠతా పట్టాం. మాకు పొలమంటే అన్నం కుండే అనుకుని దాని అంచు వదులుతూ వచ్చాం. ఆ పొలం మెల్లగా జరిగి స్కూటరులోకీ ఫ్రిజ్‌లోకీ ఫీజుల్లోకీ వెళ్లిపోతే, అక్కడ అంచు ఎక్కడుందో ఏ ప్రసంగంలోనూ వినలేదు. దేవుడు క్షమించేవాడని నమ్మి బతుకుతున్నదాన్ని. అయినా ఈ సంగతి ప్రార్థనలో ఎత్తబోయి ఇప్పటికీ వేరే మాటలోకి వెళ్లిపోతాను.

చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో విజయనగరం వైపు చుట్టం ఒకాయన కలిశాడు. మామ్మను చూశాడట, మరిది కొడుకు పశువుల సాల పక్కన చిన్న పాకలో ఉంటోందట. "బిలాయోల్లు బాగున్నారా అనడిగింది. ఒక్కో ఇంటి పేరూ ఎత్తి పార్దన సేస్తంది. మీకు దేవుడు ఇంకా ఇవ్వాలంట" అన్నాడు. అమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

మేము బాగుపడిన రోజులని చెప్పుకునే ఆ సంవత్సరాల్లోనే ఆవిడ సంచి ఖాళీ అవుతూ వచ్చింది.