అంచు కుర్చీ పాండురంగారావు

సింహాసనాల కోసం జరిగిన యుద్ధాలన్నీ చరిత్రకెక్కాయి. చివరి కుర్చీ కోసం పాండురంగారావుగారు సాగించిన పోరాటాలను మాత్రం ఎవరూ గ్రంథస్థం చెయ్యలేదు. బాపట్ల కాలేజీలో ఆయన పక్క గదిలో పాఠాలు చెప్పే నాకు ఆ బాధ్యత తప్పేట్టు లేదు. ఆయన ఎక్కడైనా సరే, అంచునే కూర్చుంటారు. నడుమ కూర్చోబెడితే అరెస్టు చేసినట్టు చూస్తారు.

రేపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళి పంక్తి చివర కూర్చుంటే, గుత్తివంకాయ ఆయన దాకా రాలేదు. సొంత పెళ్ళి ఫొటోలోనూ ఆయనది కుడిభుజం ఒక్కటే పడింది.

“ఏంటండీ ఈ అంచు పిచ్చి?” అన్నాను, తెనాలి రైల్లో.

“పిచ్చి కాదండీ, పాలిమర్ శాస్త్రం. పెరుగు కప్పు ప్లాస్టిక్ ఉందా? దిమ్మగా ఉంటే నూరు డిగ్రీల దాకా గాజులా బిగుసుకునే ఉంటుంది. అదే వెంట్రుకను నిలువునా ఆరువేల పొరలుగా చీలిస్తే ఒక పొర ఎంతో, అంత పలచగా పరవండి. ఎనభైకే మెత్తబడుతుంది.”

“ఎందుకని?”

“గాలి తగిలే అంచున అణువులకు ఒకవైపు ఒత్తిడి ఉండదు, ముందే కదులుతాయి. అంత పలచని పొరలో ఇక అంచు తప్ప ఏముందండీ?”

ఆయన శిష్యురాలు బ్లెస్సీ ఐదేళ్ళు కొలిచింది సరిగ్గా ఆ ఎనభైనే. ఇక మిగిలింది డాక్టరేట్ వైవా. పిల్లకు పరీక్షకుల ముందు నోరు పెగలదు. రిహార్సల్లో “గుడ్ మార్నింగ్” అని ఆగిపోయింది.

వైవా రోజు గది నిండా మాస్టార్లు. నడుమ కుర్చీలో బ్లెస్సీ, థీసిస్ పేజీలు అటూ ఇటూ తిప్పుతూ. తలుపు దగ్గర అంచు కుర్చీలో, ఆమెకన్నా ఎక్కువ కంగారు పడుతూ పాండురంగారావుగారు.

“ప్లాస్టిక్‌ను కరిగించిన ద్రావకం పొరలో మిగిలిపోయి మెత్తబడిందేమోనమ్మా?” అన్నారు పరీక్షకుడు.

బ్లెస్సీ నోరు తెరిచింది. మాట రాలేదు. గది బిగుసుకుపోయింది. ఐదేళ్ళ చదువు ఆ నోట్లోనే ఇరుక్కుంది.

పాండురంగారావుగారు లేచారు. “అమ్మా, ఇటొచ్చి కూర్చో.”

“సార్, మరి మీరు?”

“నా సంగతి నేను చూసుకుంటాలే, రా!”

ఆయన నడుమ కూర్చున్నారు! నేను గోడ పట్టుకున్నాను.

తలుపు దగ్గర బ్లెస్సీ గట్టిగా ఊపిరి పీల్చింది. “లేదండి. అదే ద్రావకం, అదే ఆరబెట్టడం. మందంగా పరిచిన పొర నూరు దాకా మెత్తబడలేదు. ద్రావకమే కారణమైతే అదీ ముందే మెత్తబడాలి కదండీ?”

పరీక్షకుడు తలూపారు. ఆ తర్వాత ఆమెను ఆపడం కష్టమైంది.

డాక్టరేట్ ఖాయం చేసి అందరూ లేచేసరికి, పాండురంగారావుగారి చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది.

“చూశారా, అంచు మహిమ!” అన్నాను గంభీరంగా.

“మహిమా పాడా! పిల్లకి ఊపిరాడాలి కదండీ,” అంటూ ఆయన పైకి చూపించారు.

ఆ గదిలో మూడు ఫ్యాన్లున్నాయి. తిరిగేది తలుపు దగ్గరిది ఒక్కటే.