చినగాల్సిన జాకెట్

కరోనాకు రెండేళ్ల ముందు మాట. గోదావరిఖనిలో నా లేడీస్ టైలరింగ్ షాపుకు అప్పటికే పన్నెండేళ్లు. బొగ్గు గనుల్లో ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోయే వేళ ముప్పై ఏళ్ల మనిషి ఒకడు వచ్చి, లోపలున్న ఆడవాళ్లంతా వెళ్లిపోయేదాకా గుమ్మం బయటే నిలబడ్డాడు.

“అక్కా, నవ్వద్దు. నాకు జాకెట్ కుట్టాలె,” అన్నాడు.

పేరు కొమురయ్య. ఉండేది నస్పూర్. బొగ్గు లోడింగ్ దగ్గర కాంట్రాక్టు పని చేస్తూ కాలనీ సభల్లో ఆడవేషం వేసేవాడు. ఏ టైలరూ కొలతలు తీసుకోలేదట. రెడీమేడ్ జాకెట్‌కు పిన్నీసులు పెట్టుకుని ఆడుతున్నాడు.

మగవాడి ఒంటికి ఆడవాళ్ల జాకెట్ కుదర్చడం తేలిక కాదు. భుజాలు వెడల్పు, ఛాతీ బల్లపరుపు. ఒంపు కోసం బట్టను మడిచి వేసే కుట్టును డార్ట్ అంటాం. అది అలవాటైన చోట వేస్తే బట్ట సంచిలా ఉబ్బింది. మూడుసార్లు విప్పాను. చివరికి మెడ పైకి తెచ్చి, చేతులు పొడుగు పెట్టి, లోపల పలుచటి స్పాంజి ప్యాడింగ్ వేస్తే కుదిరింది.

ఆ జాకెట్ తొడుక్కుని కాలనీ సభలో అతను ఆడింది వాళ్లమ్మ కథ. చూడ్డానికి నేనూ పోయాను. తండ్రి బొగ్గు బాయిలో చనిపోతే, చంకలో కాగితాల సంచితో ఆ ఉద్యోగం కోసం కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి ఆమె. అతను కొంగు నడుముకు దోపుకుని నడిచి వస్తుంటే నా పక్కనున్న ముసలామె “అచ్చం వాళ్లమ్మనే” అని కళ్లు తుడుచుకుంది. ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. హైదరాబాద్ నుంచి ఒక టీవీ కామెడీ షో వాళ్లు పిలిచారు.

ఊరంతా సంబరపడ్డాం. నేను ప్రతి వారం చూసేదాన్ని. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండేది. ‘లేడీ గెటప్’ అని పేరు పెట్టి, స్కిట్టు స్కిట్టుకూ ఎవడో ఒకడు అతన్ని తన్నేవాడు. ప్యాడింగ్ మీద చెయ్యేసి వెకిలిమాట అనేవాడు. జడ్జీలు కుర్చీల్లోంచి పడిపోయేలా నవ్వేవాళ్లు.

రెండో ఏడు కొమురయ్య ఒక ఆర్డర్ తెచ్చాడు.

“పక్కల పొంటి కచ్చా కుట్టు వెయ్యాలె అక్కా. గుంజంగనే చినిగిపోవాలె.”

కచ్చా కుట్టు అంటే కొలత సరిచూసుకోవడానికి చేత్తో వదులుగా వేసే తాత్కాలికపు కుట్టు.

“ఎవడు గుంజుతడు?”

“ఆఫీసర్ వేషమేసినోడు. మా అమ్మ ఐటమ్‌నే కామెడీ చేసిన్రు. నౌకరి అడగవోతే జాకెట్ చినుగుతది. గదే పంచ్.”

“అది మీ అమ్మ కథ గద తమ్మీ! నువ్వొప్పుకున్నవా?”

“కాదంటే ఇంకోణ్ని తెచ్చుకుంటరు. కుట్టియ్యక్కా.”

సరేనని బట్ట తీసుకున్నాను. అతను వెళ్లాక కచ్చా కుట్టు ఉండాల్సిన చోట దగ్గర దగ్గరగా రెండు వరసల మిషన్ కుట్టు వేశాను. అంచులు విడిపోకుండా పైన ఇంటర్‌లాక్ కూడా కొట్టాను. అతనికి చెప్పలేదు. చినగకపోతే ఏం చేస్తారో చూద్దామనుకున్నాను.

ఆదివారం టీవీలో చూశాను. జాకెట్ చినిగింది. జడ్జీలు నవ్వారు.

మరునాడు కొమురయ్య షాపుకొచ్చాడు. అతను గొంతు పెంచగా నేను వినడం అదే మొదటిసారి.

“ఎవ్వలనడిగి చేసినవ్?”

“నీ మంచికే చేసిన తమ్మీ.”

“చినగకుంటే ఊకుంటరా? నన్ను మూడుసార్లు గుంజి కింద పడేసిన్రు. తర్వాత కత్తెరతోని పక్కలు కోసి, పిన్నీసులు పెట్టి మళ్ల తీసిన్రు. అందరి ముంగట బొమ్మలెక్క నిలబడ్డ. నువ్వు కుట్టనని నా మొకమ్మీద అంటే నేను సుత ఆగుతుంటి. ఎవ్వలన్న ఒక్కలు వద్దంటరేమోనని చూసిన. నువ్వన్న అనాలె గదా అక్కా!”

మీ అమ్మ చూసిందా అని మాత్రం అడిగాను.

“చూసింది. ‘నేను ఆఫీసు ముంగట నిలవడ్డప్పుడు ఎవ్వలు నవ్వలే బిడ్డా’ అన్నది. మళ్ల నాతోని మాట్లాడలే.”

తరువాతి షూటింగ్‌లో అతను తనంతట తానే, ఆడమనిషి బట్ట గుంజే స్కిట్టు చెయ్యనని చెప్పాడు. పంపించేశారు. దాదాపు ఏడాది మళ్లీ బొగ్గు లోడింగే. ఇప్పుడు వేరే ఛానల్ సీరియల్‌లో పెద్దత్త వేషం వేస్తున్నాడు. అక్కడ ఎవడూ తన్నడు. వాళ్లమ్మ ఆ సీరియల్ చూస్తుంది. జాకెట్లు నేనే కుడుతున్నాను.

దొంగచాటుగా రెండు వరసలు కుట్టి, ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను. నా నోటితో అనాల్సిన మాటను మిషన్ మీదికి నెట్టాను, అంతే. నచ్చని పని వస్తే కత్తెర పట్టకముందే చెప్పాలని ఆ జాకెట్ నేర్పింది.

ఆ స్కిట్టు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మొన్న ఒక కస్టమర్ కొలతలిస్తూ, నవ్వు ఆపుకోలేక నాకు చూపించింది. టేపు మెడలో వేసుకుని, ఆమె తెచ్చిన పట్టు గుడ్డ మడతపెట్టి ఆమె చేతికే ఇచ్చాను.

“ఏమైందక్కా?” అంది.

“నీది నేను కుట్టను,” అన్నాను. ఎందుకో కూడా అక్కడే, అందరి ముందూ చెప్పాను.